గురవప్ప నాలుక ఎక్కిన చేదు

అనగనగా అన్నాక ఊఁ కొట్టేవాళ్ళుండాలి. కొడుతున్నారా? ఇంకొంచెం గట్టిగా! ఆఁ, అదీ.

అనగనగా కుందవరం అనే రాజ్యం. దానికి ఉదయాదిత్యుడనే రాజు. రాజుకు మేడలున్నాయి, ఏనుగులున్నాయి, ఎక్కడానికి తెల్లగుర్రం కూడా ఉంది. కానీ మన కథ వాటి వైపు పోదు. తిన్నగా వంటశాలలోకి పోతుంది. ఎందుకంటారా? ఆ రాజ్యంలో రాజుకంటే ముందు భోంచేసేవాడు ఒకడున్నాడు. అతని పేరు గురవప్ప.

రాజుగారి విస్తట్లో పడబోయే ప్రతి వంటకాన్నీ ముందుగా ఒక ముద్ద తిని చూడటమే గురవప్ప ఉద్యోగం. అబ్బ, ఎంత మంచి ఉద్యోగం అనుకుంటున్నారు కదూ! తొందరపడకండి. వంటలో ఎవరైనా విషం కలిపారనుకోండి, ఆ మొదటి ముద్దతో పోయేది రాజు కాదు, గురవప్ప. అందుకే పెట్టారు అతన్ని.

ఆ పనికి ఒక పద్ధతి ఉంది. వంటశాల గుమ్మం పక్కన ఒక నీళ్ళ గంగాళం. ఆ నీళ్ళ మీద అరచేయంత రాగి గిన్నె. దాన్ని గడియ కుడుక అంటారు. కుడుక అడుగున సూదిమొనంత బెజ్జం. గురవప్ప ముద్ద మింగగానే కుడుకను నీళ్ళ మీద వదులుతారు. బెజ్జంలోంచి నీళ్ళు ఊరి ఊరి, కుడుక నిండి నిండి, ఆఖరికి బుడుంగున మునుగుతుంది. అంతదాకా గురవప్ప పీట మీంచి కదలకూడదు. మునిగేసరికి మనిషి నిక్షేపంగా ఉంటే, లేచి నిలబడి, "ఏలినవారు ఆరగించవచ్చు" అంటాడు. అప్పుడు వడ్డన.

ఇంకొక నియమం కూడా ఉంది. అది రాజుగారి ముత్తవ్వ పెట్టింది. గురవప్ప వద్దన్న వంటను కుక్కకో కాకికో వేసి చూడరాదు. నోరులేని జీవాలతో చెలగాటమాడితే పాపమని ఆవిడ అభిప్రాయం. అందుకని అటువంటి వంటను గొయ్యి తీసి పాతిపెట్టేవారు. మనసున్న నియమమే, కాదనను. కానీ దానిలో ఒక చిక్కుంది. పాతిపెట్టిన కుండలో నిజంగా విషం ఉందో లేదో ఇక ఎవరికీ తెలిసే దారి లేదు.

చాలా ఏళ్ళు గురవప్ప ఆ పీట మీద హాయిగా కూర్చున్నాడు. కుడుక మునిగేదాకా నోరు ఊరుకునేది కాదు. వంటలపెద్ద తిమ్మక్కతో ఒకటే వేళాకోళం.

"తిమ్మక్కా, ఈ గుత్తివంకాయ తిన్నాక నేను ఇట్లాగే పోయినా నాకేం దిగుల్లేదు."

"నువ్వు పోతే పోయావుగానీ గురవప్పన్నా, ఆ వంకతో రెండో కాయ మీద చెయ్యి వెయ్యకు. రాజుగారికి ముచ్చికలు వడ్డించమంటావా?"

అతని నాలుక కూడా సామాన్యమైంది కాదు. నెయ్యి ఏ పల్లె ఆవులదో, చింతపండు కొత్తదో నిరుటిదో, పోపు కింద మంట ఎంత ఎక్కువైందో, నాలుక కొసకు తాకిస్తే చాలు, చెప్పేసేవాడు.

ఇట్లా ఉండగా ఒకనాడు పొరుగు రాజ్యం నుంచి గుర్రాల వర్తకుడు వచ్చాడు. వంటశాల అరుగు మీద కూర్చుని చల్ల తాగుతూ, మాటల్లో మాటగా అన్నాడు.

"మా రాజుగారి దగ్గర చవిచూసే కంబయ్య పోయాడండీ. విషమట. రాజు దక్కాడు, ఈయన పీట మీదే ఒరిగిపోయాడు."

గురవప్ప చేతిలోని విస్తరాకు జారి కిందపడింది. కంబయ్య! మొన్న ఒక పెళ్ళిలో పక్కపక్కనే కూర్చుని, పందెం వేసుకుని బూరెలు తిన్నారు ఇద్దరూ. ఆ కంబయ్యే!

"పోయేముందు ఏమన్నా అన్నాడా?" అని అడిగాడు.

"ఏదో చేదుగా ఉందే, అన్నాడట. అంతే."

వర్తకుడు మూతి తుడుచుకుని తన దారిన తాను పోయాడు. ఆ మాట మాత్రం పోలేదు. గురవప్ప చెవిలో దూరింది. గొంతులోకి దిగింది. నాలుక మీద చోటు చూసుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

మర్నాడు మామిడికాయ పప్పు. గురవప్ప ముద్ద మింగాడు. కుడుక వదిలారు. ఎప్పటిలాగే ఏదో ఒకటి మాట్లాడదామనుకున్నాడు, మాట రాలేదు. కుడుక వంకే చూస్తున్నాడు. నీళ్ళు ఊరుతున్నాయి.

అప్పుడు మొదలయ్యాయి చప్పుళ్ళు. కడుపులో గుడగుడ. అది రోజూ ఉండేదే, కానీ రోజూ చెవిపెట్టి విన్నదెవరు? గుండె దడదడ. చెవుల్లో హోరు. నాలుక పిడచకట్టుకుపోయింది. దాన్ని అంగిట్లో రాసి చూసుకున్నాడు. అదిగో, చేదు! సన్నటి చేదు. ఉందా? ఉంది. నిజంగా ఉందా? ఉన్నట్టే ఉంది. కంబయ్యకు కూడా ఇట్లాగే మొదలైందేమో!

కుడుక ఇంకా సగమైనా నిండలేదు. గురవప్ప పీట మీంచి దిగ్గున లేచాడు.

"వద్దు! ఏలినవారికి పెట్టకండి! చేదుంది!"

తిమ్మక్క గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. "మామిడికాయ పప్పులో పులుపుంటుందిగానీ చేదెక్కడిదన్నా? జీడి ముక్కేమన్నా పడిందేమో, మళ్ళీ ఒకసారి చూడు."

"చూడను. వద్దంటే వద్దు."

గొయ్యి తీశారు. పప్పుకుండను అందులోకి దించారు. పైన మన్ను పడిందో లేదో, గురవప్ప గుండె నెమ్మదించింది. నోట్లో చేదు పోయింది. ఒళ్ళంతా చల్లబడింది.

"చూశావా!" అనుకున్నాడు తనలో తాను. "కుండ పోగానే చేదూ పోయింది. అయితే విషం అందులోనే ఉందన్నమాట."

పాపం, అక్కడే పడింది తప్పటడుగు. చేదును తీసింది మన్ను కాదు, తప్పించుకున్నానన్న ధైర్యం. కానీ ఆ సంగతి అతనికెవరు చెబుతారు? చెప్పేవాళ్ళు లేకపోగా, రాజుగారు సభకు పిలిపించి శాలువా కప్పారు.

"గురవప్పా, మా ప్రాణం నిలబెట్టావు!"

శాలువా వెచ్చగానే ఉంది. దాని కింద గురవప్ప వణుకుతూనే ఉన్నాడు. నిన్నటిదాకా అది తనలో ఒక అనుమానం. ఇవాళ రాజుగారే నిజమన్నారు. అంటే కోటలో విషం పెట్టేవాడు ఒకడు తిరుగుతున్నాడన్నమాటే కదా!

ఇక చూడండి తమాషా. ఒకరి భయం ఒకరికి అంటుకుంది. రాణీగారు పూలు వాసన చూడటం మానేశారు. మంత్రిగారు ఏమీ తినకుండానే, వంట పొగ తగిలిందని గొంతు పట్టుకుని వైద్యుణ్ణి పిలిపించారు. కావలివాడొకడు తమలపాకులు నమిలి, ఉమ్మి, ఆ ఎరుపు చూసి తన నెత్తురేననుకుని మూర్ఛపోయాడు. వాడి మీద నీళ్ళు చల్లబోతే, "ఆ నీళ్ళెక్కడివి?" అని అరిచి మళ్ళీ పడిపోయాడు.

నవ్వొస్తోంది కదూ? గురవప్పకు మాత్రం రాలేదు. అతనికి కంటిమీద కునుకు లేదు. ఇంట్లో పెళ్ళాం ఓబుళమ్మ పెట్టిన అన్నాన్ని కూడా కెలికి కెలికి చూసేవాడు. "ఏమయ్యా, అన్నంలో ఏం పోగొట్టుకున్నావు?" అని ఆమె ఎకసెక్కమాడేది. అతను ఇంకా కెలుకుతూనే ఉండేవాడు.

కొన్నాళ్ళకు రెండో ఘట్టం జరిగింది. ఈసారి అతను ముద్ద నోట్లో పెట్టనేలేదు. భయం ముదిరితే నాలుకదాకా ఆగదు, కళ్ళనూ ముక్కునూ కూడా పట్టుకుంటుంది. వెండిగిన్నెలో పెరుగు తెచ్చి ముందు పెట్టారు. తెల్లటి, గడ్డ పెరుగు. గురవప్ప వంగి చూశాడు. అంచున నీలంగా ఏదో జీర. కళ్ళు నులుముకుని చూశాడు. జీర ఇంకా చిక్కనైంది. వాసన చూశాడు. తుప్పు పట్టిన ఇనుము వాసన.

"ఈ పెరుగు తోడుపెట్టిందెవరు?"

"ఇంకెవరన్నా, బసివమ్మవ్వే," అంది తిమ్మక్క. "మీ నాయన కాలంనుంచీ ఆవిడే కదా."

బసివమ్మవ్వ తలుపు వార నిలబడి ఉంది. ముడతలుపడిన ముఖం. ఆవిడ కళ్ళు గురవప్ప మీదే ఉన్నాయి. 'ఎందుకట్లా చూస్తోంది? నేను తింటానా లేదా అని కనిపెడుతోందా? చేతులు కొంగుకెందుకు తుడుచుకుంటోంది?'

"వద్దు! పెరుగులో ఉంది! ఆమెను అడగండి!"

భటులు వచ్చి ముసలమ్మ రెక్క పట్టుకున్నారు.

"నేనేం చేశాను నాయనా?" అంది బసివమ్మవ్వ. "నీ ముఖం పాలిపోయి ఉంటే, బిడ్డకు ఒంట్లో బాగులేదేమోనని చూశాను. అంతే కదా!"

గురవప్ప ముఖం తిప్పుకున్నాడు. పెరుగు గిన్నె గోతిలోకి పోయింది. బసివమ్మవ్వ కోట దాటి బయటికి పోయింది. గురవప్ప గుండె మళ్ళీ నెమ్మదించింది. కానీ ఈసారి ఆ నెమ్మది పొద్దు వాలేదాకా కూడా నిలవలేదు.

రాజుగారు చిక్కిపోయారు. తన చేత్తో ఒలుచుకున్న అరటిపళ్ళు, తన చేత్తో పగలగొట్టుకున్న కొబ్బరి, అంతే ఆహారం. మంత్రిగారు శాసనం రాయించారు: ఇకపై చవిచూసేవాడు విషమన్న వంటకం ఎవరి చేతిదైతే, వారికి శిరచ్ఛేదం. తీర్పు జరిగేదాకా ఆ కుండను ముద్రవేసి ఉంచాలి, ఆ తరువాతే పాతిపెట్టాలి.

ఆ శాసనం దండోరా వేసిన కొద్దిరోజులకే తిమ్మక్క గుమ్మడికాయ దప్పళం చేసింది. ఎట్లా చేసిందనుకున్నారు? చుట్టూ ఈటెలు పట్టుకున్న భటులు. చెంచా ఎత్తితే ఒకడు చూస్తాడు, దించితే ఒకడు చూస్తాడు. చింతపండు పిసికితే ఇంకొకడు చేతుల్లోకి తొంగిచూస్తాడు.

"బాబూ, ఈటె కొంచెం అవతలికి తియ్యి, పోపులో పడుతుంది," అంది తిమ్మక్క. ఎప్పటిలాగే అందిగానీ, గొంతు ఎప్పటిలా లేదు.

మిట్టమధ్యాహ్నం. గురవప్ప పీట మీద కూర్చున్నాడు. దప్పళం కలిపిన ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మింగుతుంటే గొంతు దగ్గర ఆగి, బలవంతాన దిగింది. కుడుక వదిలారు.

చేదు! ఈసారి సన్నటిది కాదు, నోటినిండా చేదు. వేళ్ళ చివర్లు మొద్దుబారాయి. చూస్తుండగానే అరచేతులు మొద్దుబారాయి. కళ్ళముందు ఈటెలన్నీ నీళ్ళలో నీడల్లా ఊగాయి. ఊపిరి పైకి వస్తోందే తప్ప లోపలికి పోవడం లేదు. కుడుక అంచు ఇంకా నీళ్ళకు చాలా పైనే ఉంది.

"విషం!" అని గావుకేక పెట్టి, పీటను తన్నుకుని లేచాడు గురవప్ప.

భటులు తిమ్మక్క చేతులు విరిచికట్టారు. రాజు వచ్చాడు, మంత్రి వచ్చాడు. తిమ్మక్క ఏడవలేదు.

"ప్రభూ, ఆ కుండ ఇటు తెప్పించండి. అందరి ముందూ నేనే తింటాను."

"కుదరదు," అన్నాడు మంత్రి. "ముందే విరుగుడు మింగి ఉండొచ్చు. నేరం మీదపడ్డవాళ్ళు తింటే రుజువు కాదు."

తిమ్మక్క గురవప్ప వైపు తిరిగింది. "గురవప్పన్నా, నా ముఖం చూసి చెప్పు. నేను పెట్టానా?"

గురవప్ప నేల చూశాడు. "నా నాలుక చెప్పింది తిమ్మక్కా."

"నీ నాలుక నాకు తెలియనిదా? ఇన్నేళ్ళు దానికి పెట్టి పెంచిన దాన్ని. ఇవాళ మాట్లాడింది అది కాదు."

రాజు కళ్ళు మూసుకున్నాడు. అతనికీ మనసొప్పలేదు. కానీ అతనికీ భయమే. "సూర్యాస్తమయానికి శిక్ష జరగనీయండి," అన్నాడు.

గురవప్ప ఇంటికి నడిచాడు. తనకు ఏమీ కాలేదు, చావలేదు. ఒక్క ముద్దే కాబట్టి బతికాననుకున్నాడు. కానీ నోట్లో చేదు పోలేదు. పోయిన రెండుసార్లూ కుండ గోతిలో పడగానే చల్లబడ్డాడు. ఇవాళ కుండ ఇంకా పైనే ఉంది. దాంతో చేదు కూడా వెంటే నడిచి ఇంటికి వచ్చింది.

తిన్నగా పెరట్లో బావి దగ్గరికి పోయాడు. తన చేత్తో చేద వేశాడు, తన చేత్తో తోడాడు, దోసిట పట్టి తాగాడు.

చేదు!

ఉమ్మేశాడు. మళ్ళీ తోడాడు. మళ్ళీ తాగాడు. మళ్ళీ చేదే.

"ఓబుళమ్మా! ఇట్లా రా! ఈ నీళ్ళు తాగి చూడు!"

ఆమె చెంబులోకి వంపుకుని గటగటా తాగేసింది. "ఏముందయ్యా? రోజూ తాగే నీళ్ళే. తియ్యగా ఉన్నాయి."

గురవప్ప తన అరచేతిని నాకి చూసుకున్నాడు. చేదు. మోచెయ్యి నాకి చూసుకున్నాడు. చేదు.

"ఏమయ్యా, పిల్లిలాగా ఏమిటది?" అని నవ్వబోయిన ఓబుళమ్మ, అతని ముఖం చూసి ఆగిపోయింది. పక్కన కూర్చుంది. మెల్లగా అడిగింది. "నీకు భయమేస్తోందా?"

అప్పటిదాకా ఆ మాట ఎవరూ అతన్ని అడగలేదు. అతను ఎవరికీ చెప్పలేదు.

"వేస్తోంది ఓబుళమ్మా. కంబయ్య పోయాడని విన్నప్పట్నుంచీ."

"మరి కోటలో చెప్పకపోయావా?"

"చవిచూసేవాడికి భయమని తెలిస్తే ఆ పీట మీద ఎవరు కూర్చోనిస్తారు?"

"పీట పోతే పోయె. వేరే పని చేసుకుందువు. తిమ్మక్క తల పోతే?"

గురవప్ప బావిగట్టు మీంచి నీళ్ళలోకి వంగి చూశాడు. తన బావి నీళ్ళలో విషం పెట్టిందెవరు? ఎవరూ పెట్టలేదు. అయినా చేదున్నాయి. అయితే మరి ఆ పప్పు? ఆ పెరుగు? ఆ ముసలమ్మ చూపు?

భయం ఊరికే వదులుతుందా! అది మహా తెలివైంది. లోపలినుంచి బుజ్జగించింది. 'నీళ్ళు వేరు, దప్పళం వేరు. నీళ్ళలో లేకపోతే దప్పళంలో లేదని ఎట్లా అంటావు? నిజంగా ఉంటే? సాయంత్రందాకా కళ్ళు మూసుకో. కుండను పాతిపెట్టేస్తారు. నీకు మళ్ళీ చల్లబడుతుంది.'

నిజమే, చల్లబడుతుంది. ఈసారి గోతిలోకి పోయేది కుండ ఒక్కటే కాదు, తిమ్మక్క కూడా.

గురవప్ప లేచాడు. కోట వైపు పరుగు తీశాడు, వెనకే ఓబుళమ్మ.

కోట ముంగిట జనం. ఎండ పచ్చబడి, గోడల మీదికి ఎక్కుతోంది. తిమ్మక్కను నడిమధ్య నిలబెట్టారు. తలారి కత్తి తుడుస్తున్నాడు.

"ప్రభూ, ఆగండి!" గురవప్ప రాజు ముందు సాగిలపడ్డాడు. "నా మాట మీద ఆమెను చంపకండి. నా మాట నమ్మదగింది కాదు. నాకు భయం పట్టింది. మా ఇంటి బావి నీళ్ళు కూడా నాకు చేదుగా ఉన్నాయి."

జనంలో గుసగుస. మంత్రి కళ్ళెర్రజేశాడు. "మాట మార్చిన చవిచూసేవాడికి కూడా శిక్ష ఉంది, తెలుసా?"

"వేయండయ్యా. దానికి ముందు ఆ దప్పళం కుండ తెప్పించండి. పీట, గంగాళం, కుడుక తెప్పించండి. ఒక ముద్ద కాదు, గిన్నెడు తింటాను."

రాజు ముందుకు వంగాడు. "నిజంగానే విషమైతే?"

"అయితే నేను పోతాను, మీకు నిజం తెలుస్తుంది. కాకపోతే తిమ్మక్క ఇంటికి పోతుంది. ప్రభూ, ఒక్క సంగతి విన్నవించుకుంటాను. ఈ మూడుసార్లలో ఒక్కసారైనా నేను కుడుక మునిగేదాకా కూర్చోలేదు. పెరుగైతే నాలుకకు తగలనే లేదు. ప్రతిసారీ మధ్యలోనే లేచి పారిపోయాను. పారిపోయినందుకు తమరు శాలువా కప్పారు."

రాజు కుండ తెమ్మని చేయి ఊపాడు.

ముద్ర విప్పారు. గిన్నె నింపారు. చల్లారిపోయిన దప్పళాన్ని గురవప్ప అట్లాగే తిన్నాడు. ఒక్కొక్క ముక్కా గొంతుకు అడ్డం పడుతుంటే దించుకుంటూ తిన్నాడు. గిన్నె ఖాళీ చేశాడు. కుడుక వదిలారు.

వచ్చింది చేదు. నోరంతా నిండింది.

'లే!' అంది భయం.

గురవప్ప పీట అంచులు రెండు చేతులా పట్టుకున్నాడు.

వేళ్ళు మొద్దుబారాయి. చెవుల్లో ఏరు పారినట్టు హోరు. ఎదురుగా నిలబడ్డవాళ్ళ ముఖాలన్నీ నీలంగా కనిపించాయి. తిమ్మక్క ముఖం కూడా నీలమే.

'చచ్చిపోతున్నావు, లే! కక్కేయి! కంబయ్య ఇట్లాగే పోయాడు!'

"కంబయ్య పోయాడు, నిజమే," అన్నాడు గురవప్ప పైకే, తన పక్కన ఎవరో కూర్చున్నట్టు. "నువ్వు చెప్పేది వింటున్నాను. చెప్పు. నేను మాత్రం లేవను."

జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మంత్రి తన పీఠాన్ని కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

భయం ఇంకా పైకి లేచింది. మెడదాకా వచ్చింది, తలకెక్కింది, నడినెత్తికెక్కింది. గురవప్ప నుదుటి మీంచి చెమటలు కారి ఒళ్ళో పడుతున్నాయి. కుడుక వంక చూశాడు. సగం కూడా నిండలేదు. ఇదివరకు లేచిపోయింది సరిగ్గా ఇక్కడే. ఇక ఒక్క క్షణం కూడా ఓర్వలేననిపించింది. ఆ క్షణాన్ని ఓర్చుకున్నాడు. తరువాతి క్షణం వచ్చింది. దాన్నీ ఓర్చుకున్నాడు.

అప్పుడొక వింత జరిగింది. నడినెత్తి దాటి పైకి పోవడానికి భయానికి ఇక చోటు లేదు. మెల్లగా దిగడం మొదలుపెట్టింది. తల దిగింది, మెడ దిగింది. వేళ్ళలో చీమలు పాకినట్టయి, పీట చెక్క గరుకు చేతికి తెలిసింది. ముఖాల మీద నీలం కరిగి, సాయంత్రపు ఎండ కనిపించింది. ఎక్కడో గుర్రం సకిలించడం వినిపించింది. గురవప్ప నాలుకను అంగిట్లో ఆడించాడు. ఎన్నాళ్ళకో, ఎన్నాళ్ళకో, పులుపు తగిలింది! కొత్త చింతపండు పులుపు. వెనకనే గుమ్మడికాయ తీపి. ఆ వెనక బెల్లం. ఆ వెనక...

గురవప్ప కనుబొమలు ముడిపడ్డాయి. ఇంకోసారి చప్పరించాడు. ముఖం అదోలా పెట్టాడు.

ఓబుళమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. తలారి కత్తి పట్టు సరిచూసుకున్నాడు.

"ఏమైంది గురవప్పా?" రాజు లేచి నిలబడ్డాడు. "ఏమైంది, చెప్పు!"

గురవప్ప తిమ్మక్క వైపు తిరిగాడు.

"తిమ్మక్కా, ఇందులో ఉప్పేదీ?"

తిమ్మక్క నోరు తెరుచుకుంది. కట్టిన చేతులతోనే నుదురు కొట్టుకోబోయింది. "అయ్యో నా మతి మండా! చుట్టూ ఈటెలు పెట్టుకుని వండుతుంటే చేతులు వణికిపోయాయన్నా. ఉప్పు వేశాననే అనుకున్నాను!" అని, అంతలోనే మండిపడింది. "అయినా నా తల తలారి చేతిలో ఉంటే, నువ్వక్కడ కూర్చుని వంటకు వంకలు పెడతావా?"

బుడుంగ్! కుడుక మునిగింది.

గురవప్ప లేచి నిలబడ్డాడు. చొక్కా అంతా చెమటతో తడిసి ఒంటికి అంటుకుపోయింది. "ఏలినవారు ఆరగించవచ్చు. కాస్త ఉప్పు వేసుకుని."

జనం గొల్లుమన్నారు. రాజు కూడా నవ్వాడు. నవ్వి, చప్పున ఆగిపోయాడు.

"గురవప్పా, మధ్యాహ్నం నువ్వు తిన్నదీ ఈ దప్పళమే. ఉప్పు లేదని అప్పుడెందుకు చెప్పలేదు?"

గురవప్ప కూడా ఆలోచనలో పడ్డాడు. అతనికి కూడా అప్పుడే తట్టింది ఆ సంగతి. "తెలియలేదు ప్రభూ. నెయ్యి ఏ ఊరి ఆవుదో చెప్పగలిగినవాణ్ణి, ఉప్పే లేని దప్పళం తిని ఉప్పు లేదని తెలుసుకోలేకపోయాను. మధ్యాహ్నం తిన్నది నా నాలుక కాదు. నా భయం తిన్నది. దానికి ఉప్పు తెలియదు, పులుపు తెలియదు. దానికి తెలిసిన రుచి ఒక్కటే, చేదు."

మంత్రి దగ్గాడు. "ప్రభూ, మరి మాట మార్చినందుకు శిక్ష..."

"ఆ శిక్ష ముందు మాకు వేయండి," అన్నాడు రాజు. "భయానికి శాలువా కప్పింది మేమే. తరువాత మీకు వేద్దాం. దాన్ని శాసనంగా రాయించింది మీరు."

మంత్రి మళ్ళీ దగ్గలేదు.

రాజు తానే దిగివచ్చి తిమ్మక్క కట్లు విప్పించాడు. ఉప్పు తెప్పించి, దప్పళంలో కలిపి, అక్కడే, అందరి ఎదుటా, చేత్తో కలుపుకుని తిన్నాడు. మొదటి ముద్దకు ఆయన చెయ్యి కూడా నోటిదాకా వచ్చి ఆగింది. అయినా తిన్నాడు. రెండో ముద్దకు ఆగలేదు.

బసివమ్మవ్వను పిలుచుకురావడానికి పల్లకీ పంపిస్తామన్నారు. గురవప్ప వద్దని, తానే నడుచుకుంటూ వెళ్ళాడు. ఊరవతల చుట్టాల గుడిసెలో, వాకిట్లో కూర్చుని ఉంది ముసలమ్మ. గురవప్ప ఆవిడ కాళ్ళ మీద పడి, పెరుగులో నీలం జీర కనిపించిన సంగతి కూడా చెప్పుకున్నాడు.

"లే నాయనా, లే," అంది బసివమ్మవ్వ. "ముందు ఇది చెప్పు. ఇప్పుడు నేను నిన్ను చూడొచ్చా? నా పెరుగు ఇంకా నీలంగానే ఉందా?"

గురవప్ప ఏడుస్తూ నవ్వాడు. అవ్వ కూడా నవ్వింది. కానీ వెంటనే లేచి రాలేదు. "రెండు రోజులు పోనీ, మనసు కుదుటపడితే వస్తాను," అంది. మూడోనాడు వచ్చి, పాలు తోడుపెట్టింది.

గురవప్ప పీట గురవప్పకే ఉంది. కుడుక మునగకముందు లేచి చెప్పిన మాట చెల్లదని రాజుగారు కొత్త నియమం పెట్టారు. ఇంతకీ గురవప్పకు భయం పూర్తిగా పోయిందా అంటే, లేదర్రా. ఏ బీరకాయ పచ్చడిలోనో, ఏ చారులోనో, అప్పుడప్పుడూ నాలుక మీద ఆ పాత చేదు తగిలేది. అప్పుడతను పీట అంచులు పట్టుకుని, కుడుక వంక చూస్తూ, కదలకుండా కూర్చునేవాడు. కాసేపటికి చేదు దిగిపోయేది, వంట రుచి వంటకు వచ్చేది. తిమ్మక్క మాత్రం ఉప్పుగిన్నె తెచ్చి అతని పీట పక్కనే టక్కున పెట్టి, "ఇదిగో, చూసుకో, వేశాను!" అనేది.

భయం చెప్పే మాట చెవినబడటం తప్పు కాదు పిల్లలూ, కానీ దానికి ఎదురుగా కూర్చుని నిజమెంతో చూడకుండా, దాని మాట పట్టుకుని ఎవరికీ తీర్పు చెప్పకూడదు.